నువ్వు లేని గదిలో నీ తరఫున

అమ్మడూ,

నువ్వు పంపిన ప్రపోజల్ చదివాను. ఉద్దానంలోని కవిటి, సోంపేట మండలాల్లో ఊరూరా శిబిరాలు పెట్టి, కిడ్నీ జబ్బు పట్టుకోవడానికి క్రియాటినిన్ పరీక్షలు చేస్తామన్నావు. రాత బాగుంది, ఫోటోలు ఇంకా బాగున్నాయి. కానీ దీన్ని ఎవరు చదువుతారో నువ్వు ఆలోచించినట్టు లేదు. ట్రస్టు అంటే నీకు ఒక పెద్ద పేరు, దాని వెనక ఒక బ్యాంకు ఖాతా. అక్కడ నీ కాగితం పట్టుకునేది మాత్రం నెల జీతగాడైన ప్రోగ్రామ్ ఆఫీసరు. ఆ కుర్చీలో చాలాకాలం కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆయనో ఆవిడో రేపు బోర్డు ముందుకి వెళ్లి, నువ్వు లేని గదిలో నీ తరఫున మాట్లాడాలి. ట్రస్టీల్లో ఒకరు “పరీక్ష చేసి ఊరుకుంటారా?” అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు నీ కాగితంలో దొరక్కపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

ప్రస్తుతానికి దొరకదు. కిడ్నీ జబ్బు దీర్ఘకాలికమని తేల్చాలంటే పరీక్షలో కనిపించిన తేడా మూడు నెలలు దాటి ఉందని చూపించాలి. ఇది నాకంటే నీకే బాగా తెలుసు. అంటే రెండో పరీక్ష తప్పదు. మొదటిది సులువే, బడి దగ్గర టెంటు వేస్తే జనం వాళ్లే వస్తారు. రెండోదానికి మనమే వాళ్లను వెతుక్కుంటూ పోవాలి. జీడిపిక్కలు ఏరే రోజులైతే పొద్దున ఇళ్లల్లో ఎవరూ ఉండరు. కొందరు అప్పటికే పనులకని వేరే రాష్ట్రం వెళ్లిపోయి ఉంటారు. అసలు ఖర్చంతా అక్కడే ఉంది. ఆశా కార్యకర్తలతో కలిసి తిరిగే కుర్రాడి జీతం, బండికి పెట్రోలు, తేడా తేలినవాళ్లను పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రిదాకా తీసుకెళ్లడం. నీ బడ్జెట్లో యంత్రం ఉంది, కిట్లు ఉన్నాయి, బ్యానర్లకు కూడా సొమ్ము వేశావు. వెతికే మనిషి మాత్రం లేడు.

దాతలకు యంత్రాలంటే మోజు, జీతాలంటే చిరాకు అని నీకెవరో చెప్పి ఉంటారు. అది కొంత నిజమే, యంత్రం మీద పేరు రాయించుకోవచ్చు కదా! అయినా జీతం రాయి. అకౌంటెంటు జీతంలో ఈ ప్రాజెక్టుకు పడే వాటా కూడా రాయి. తగ్గించి చూపించిన బడ్జెట్‌ను సమర్థించబోయి నీ ఆఫీసరే బోర్డులో ఇరుక్కుంటాడు. శిబిరానికి ఎంతమంది వచ్చారన్న అంకె ఏ సంస్థయినా తేగలదు. రెండో పరీక్షకు ఎందరిని పట్టుకొచ్చావన్నదే నీ అంకె. రిపోర్టులో మొదటి వరుస అదే కావాలి.

ఎవరిని అడగాలన్నది రెండో సంగతి. ఒకే ఉత్తరాన్ని నలభై ట్రస్టులకు పంపకు. ప్రతిదానికీ ఒక ట్రస్టు డీడు ఉంటుంది, అందులో లేని పనికి డబ్బివ్వాలని ట్రస్టీలకు మనసున్నా వీలుకాదు. లేడీ మెహర్‌బాయి టాటా 1931లో లుకేమియాతో పోయారు. ఆ మరుసటి ఏడాది భర్త దోరాబ్జీ ఆమె పేరిట పెట్టిన ట్రస్టు ఇప్పటికీ ప్రధానంగా లుకేమియా పరిశోధనకే సాయం చేస్తోంది. అక్కడికెళ్లి కిడ్నీల గురించి ఎంత చక్కగా రాసినా ఏం లాభం?

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) సొమ్ముకు లెక్క వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హత ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి కాబట్టి, జనవరి దాటిందంటే వాళ్లే ఫోన్ చేసి “మార్చి 31లోగా పూర్తి చేయగలరా?” అంటారు. సంబరపడి ఒప్పేసుకోకు. ఫిబ్రవరిలో మొదటి పరీక్ష చేస్తే రెండోది మే నెలలో పడుతుంది, అప్పటికి లెక్కల సంవత్సరం మారిపోతుంది. దీన్ని ‘ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు’గా బోర్డు చేత ఆమోదింపజేయమని మొదటి సమావేశంలోనే అడుగు. అలా చేస్తే మిగిలిన సొమ్మును కంపెనీ విడి ఖాతాలో ఉంచుతుంది, తర్వాతి మూడేళ్లలో వాడొచ్చు. మీ సంస్థకు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో కూడా చూసుకో.

విదేశీ ఫౌండేషన్ అయితే ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, దాన్ని ఇంకో సంస్థకు బదలాయించకూడదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆసుపత్రి డాక్టరు జీతం ఆ 20 శాతంలోకి రాదు, ఆఫీసు గుమాస్తా జీతం వస్తుంది. ఏ మనిషి ఏ పద్దులోకి వస్తాడో మీ ఆడిటరుతో ముందే కూర్చుని తేల్చుకో. ఒకే బిల్లును ఇద్దరు దాతలకు చూపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎవరు చెప్పినా నువ్వు సంతకం పెట్టకు.

గ్రాంటు వచ్చాక చెడ్డ కబురు దాచొద్దు. 2018లో వచ్చిన తిత్లీ లాంటి తుపాను ఒక్కటి వచ్చిందంటే ఉద్దానంలో నెలల తరబడి పరీక్షలకు ఎవరూ రారు. అప్పుడు యుటిలైజేషన్ సర్టిఫికెట్ గడువుదాకా ఆగకుండా, ఆ వారమే ఆఫీసరుకు ఫోన్ చెయ్యి. కిట్ల పద్దులో మిగిలింది పెట్రోలుకు మార్చాలంటే ఖర్చు పెట్టకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ముందే తెలిస్తే ఆయన బోర్డును ఒప్పించుకుంటాడు. ఆడిట్‌లో బయటపడితే ఆ గదిలో నీ తరఫున ఇంకెవరూ నోరెత్తరు.

బడ్జెట్ సవరించి ముందు నాకు పంపు. పీడీఎఫ్ వద్దు, ఎక్సెల్ షీటే పంపు, కూడికలు చూడాలి. రెండో పరీక్షకు ఒక్కో మనిషికి ఎంత పడుతుందో విడిగా ఒక వరుస వెయ్యి.

మీ బాబాయి