కాలానికి తగిన కోటు

ఉద్దేశం: చలి, వానల నుండి శరీరాన్ని కాపాడే వస్త్రం ఏ సూత్రాలపై పనిచేస్తుందో తెలియజేసి, ప్రాంతానికి, ప్రయాణానికి తగిన కోటును ఎన్నుకొనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

మానవుని కనీసావసరాలలో ఆహారం తరువాత చెప్పదగినది వస్త్రం. వస్త్రం మానాన్ని కాపాడుతుంది, అందాన్ని ఇనుమడింపజేస్తుంది. ఈ రెండింటికంటె ముందుగా అది ఎండ, వాన, చలి అనే మూడింటి నుండి శరీరాన్ని రక్షిస్తుంది. అయితే పండుగకు చీర కొనేటప్పుడు అంచును, నేతను, రంగును పదిమార్లు పరిశీలించేవారు సైతం, ప్రతిదినం ప్రయాణంలో తొడుక్కొనే చలికోటు విషయంలో అంతటి శ్రద్ధ చూపరు. అంగడిలో మొదట కంటబడినదానినో, స్నేహితుడు కొన్నదానినో తెచ్చుకొంటారు. తెలుగునాట జాకెట్టు అనగానే స్త్రీలు ధరించే రవిక స్ఫురిస్తుంది. చలికి తొడుక్కొనే పైకోటుకు జెర్కిన్ అనే మాట వాడుకలో స్థిరపడింది. వానకు వేసుకొనేది రెయిన్‌కోటు. ఈ రెండు పనులనూ ఒకే వస్త్రం చేయగలదా? చేయగలిగినా, అది కృష్ణాతీర వాసులకు తగినదేనా? ఈ ప్రశ్నలకు సమాధానం దుకాణంలో కాక, ఊరి వాతావరణంలో వెదకాలి.

కృష్ణా డెల్టాలో చలి తీవ్రమైనది కాదు. విజయవాడలో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సర్వసాధారణం. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున అది 18, 20 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది. హిమాలయ ప్రాంత వాసులకు ఇది చలిగా తోచకపోవచ్చు. కాని ఉయ్యూరు, కంకిపాడుల నుండి బందరు రోడ్డు మీదుగా ఉదయం ఆరు గంటలకే మోటారు సైకిలుపై నగరానికి వచ్చే ఉద్యోగికి ఆ చలి మరొక రకంగా తగులుతుంది. కదలని గాలిలో హాయిగా అనిపించే చల్లదనం, వాహన వేగానికి ఎదురుగాలిగా మారి ఛాతీని, చేతివేళ్లను తాకుతుంది. కాలువగట్ల వెంట కమ్మిన పొగమంచు బట్టలను చెమ్మగిలజేస్తుంది. 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజి మీదుగా నదిని దాటేవారికి ఏ అడ్డూ లేని నదిగాలి నేరుగా సోకుతుంది.

దీనికి తోడు ఈ సీమకు వానలు రెండు విడతలుగా వస్తాయి. జూన్ నుండి నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుండి ఈశాన్య రుతుపవనాలు వర్షాన్ని తెస్తాయి. తుపానులు తరచు ఈ రెండవ కాలంలోనే తీరాన్ని తాకుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అటువంటి దినాలలో వాన, గాలి, చలి మూడూ ఒక్కసారిగా మనిషిపై పడతాయి. తుపాను ముంచుకొచ్చిన వేళ ప్రయాణం మానుకోవడమే వివేకం. అది దాటిన మరునాటి ముసురులో మాత్రం కళాశాలలు, కార్యాలయాలు తెరచుకొంటాయి, ప్రయాణం తప్పదు. మేలైన కోటు అవసరం అప్పుడే తెలుస్తుంది.

కోటు వేడిని పుట్టించదు. వేడిని పుట్టించేది శరీరమే. సుమారు 37 డిగ్రీల వద్ద ఉండే ఆ వేడి బయటకు పోకుండా ఆపడమే కోటు పని. నూలుపోగుల మధ్య, ఉన్ని వెంట్రుకల మధ్య నిలిచిన గాలి ఉష్ణాన్ని సులభంగా ప్రసరింపనీయదు. కాబట్టి దళసరి బట్టకంటె, గాలిని కదలకుండా పట్టి ఉంచే బట్ట వెచ్చగా ఉంటుంది. నీరు దీనికి విరుద్ధమైన స్వభావం కలది. అది గాలికంటె సుమారు 25 రెట్లు అధికమైన ఉష్ణవాహకం. బట్ట తడిసినప్పుడు గాలి ఉండవలసిన చోట నీరు చేరి, శరీరపు వేడిని లాగివేస్తుంది. పైగా శరీరంపై ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల ఉష్ణం కావాలి. ఆ ఉష్ణంలో అధికభాగం శరీరం నుండే పోతుంది. వేసవిలో తడి తువ్వాలు ఒంటికి హాయినివ్వడానికి, ముసురులో తడిసిన చొక్కా వణికించడానికి కారణం ఒక్కటే. కనుక తడి నుండి కాపాడలేని కోటు ఎంత దళసరిదైనా చలి నుండి కాపాడలేదు.

ఈ సత్యాన్ని పూర్వులు అనుభవంతో గ్రహించారు. దక్కను పీఠభూమిలోని గొర్రెల కాపరులు నల్లగొర్రె ఉన్నితో నేసిన గొంగళిని కప్పుకొంటారు. నేతలో చింతగింజల గంజిని పట్టించడం వల్ల గొంగళి బిగువుగా ఉండి, వాన నీటిని త్వరగా లోపలికి రానీయదు. ఉన్ని తన బరువులో 30 శాతం వరకు తేమను పీల్చుకొని కూడా తడిసినట్లు అనిపించదు. ఒక అంచును మడిచి తలపై ముసుగుగా వేసుకొంటే అదే కోటు, అదే గొడుగు, రాత్రికి అదే పక్క. డెల్టా పొలాలలో తాటాకు గిడుగు, మడిచి తలపై వేసుకొన్న గోనెసంచి రైతుకు వాన నుండి అడ్డుగా నిలిచాయి. అందుబాటులో ఉన్న వస్తువుతో, చేసే పనికి తగినట్లుగా రక్షణను కల్పించుకోవడం వాటిలోని విశేషం.

పూర్తిగా నీటికి అభేద్యమైన వస్త్రం మాత్రం పాశ్చాత్య పారిశ్రామిక యుగంలో రూపొందింది. స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటోష్ 1823లో రెండు బట్టల మధ్య కరిగించిన రబ్బరును పూసి అతికించే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ కోటు వానను ఆపింది. కాని ఎండకు జిగటగా, చలికి బిరుసుగా మారేది. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి స్థిరపరచే విధానాన్ని కనుగొన్న తరువాత ఆ లోపం తొలగింది. ఆపైన నైలాను, పాలియెస్టరు వంటి తేలికైన కృత్రిమ వస్త్రాలు వచ్చాయి.

అయినా ఒక చిక్కు మిగిలింది. బయటి నీటిని రానీయని కోటు లోపలి చెమటను కూడా పోనీయదు. వానలో తడవకుండా ఇల్లు చేరిన మనిషి, కోటు విప్పేసరికి స్వేదంతో తడిసి ఉంటాడు. 1969లో బాబ్ గోర్ అనే అమెరికా పరిశోధకుడు ఒక ప్లాస్టిక్ పదార్థాన్ని వేగంగా సాగదీసి, అసంఖ్యాకమైన సూక్ష్మరంధ్రాలు గల పలుచని పొరను సాధించాడు. ఆ రంధ్రాలు నీటి బిందువు దూరలేనంత చిన్నవి. నీటి ఆవిరి దాటిపోగలిగినంత పెద్దవి. ఈ పొరతో చేసిన కోట్లు పర్వతారోహకులకు వరమైనాయి.

ఇక్కడ కృష్ణాతీర వాసి గమనింపదగిన విషయం ఒకటి ఉంది. ఆవిరి లోపలి నుండి బయటకు పోవాలంటే కోటు లోపలికంటె బయట ఆవిరి పీడనం తక్కువగా ఉండాలి. చలిదేశాలలో ఆ భేదం అధికం. ఆగస్టు నెల విజయవాడలో వేడికి ఆర్ద్రత తోడై, బయటి గాలియే ఆవిరితో నిండి ఉంటుంది. అప్పుడు ఎంత ఖరీదైన పొర అయినా ఆశించినంతగా పనిచేయదు. చంకల కింద, వీపుపై వలబట్ట వేసిన గాలిసందులు గల సాధారణమైన కోటు అంతకంటె మేలు చేయవచ్చు. వేరొక దేశంలో ఉత్తమమైనది ప్రతిచోటా ఉత్తమం కాదనడానికి ఇదొక నిదర్శనం.

మరి అంగడిలో ఏమి చూడాలి? మొదట చీటీని చదవాలి. వాటర్ రెసిస్టెంట్ అని ఉంటే చిరుజల్లును కొంతసేపు ఆపుతుందని మాత్రమే అర్థం. వాటర్ ప్రూఫ్ అని ఉంటే నీటిని లోపలికి రానీయదని తయారీదారు చెబుతున్నాడని అర్థం. కొన్ని కోట్లపై 5,000 మిల్లీమీటర్లు, 10,000 మిల్లీమీటర్లు అని ఉంటుంది. బట్టపై నిలిపిన నీటి స్తంభం ఎంత ఎత్తుకు చేరేవరకు అది నీటిని ఆపగలదో ఆ అంకె తెలుపుతుంది. తరువాత కోటును తిరగవేసి కుట్లను పరిశీలించాలి. సూది పోయిన ప్రతి రంధ్రమూ నీటికి దారియే. ఆ కుట్లపై లోపలివైపు పట్టీ అతికించి ఉండాలి. జిప్పుపై మరొక బట్ట కప్పు ఉండాలి. మణికట్టు వద్ద, మెడ వద్ద బిగించుకొనే వీలుండాలి. ఎదురుగాలికి వాన నీరు ముందుగా చొరబడేది అక్కడే.

వెచ్చదనం విషయంలో డెల్టా వాసికి ఉత్తమమైన మార్గం విడివిడి పొరలు. దళసరి అస్తరు కుట్టిన బరువైన కోటు ఉదయం ఆరు గంటలకు సుఖంగా ఉన్నా, తొమ్మిది గంటలకు భారమవుతుంది. అందుకు బదులు గాలిని, వానను ఆపే పలుచని పైకోటు ఒకటి, దానిలోపల వేసుకొనడానికి స్వెట్టరు ఒకటి ఉంటే చాలు. చలి ఉదయాన రెండూ వేసుకోవచ్చు; వానాకాలంలో పైకోటు మాత్రమే చాలును. శీతకాలంలో ఆంధ్ర పట్టణాలకు వచ్చి ఉన్నిబట్టలు అమ్మే టిబెటన్ల దుకాణాలలోనూ పలుచనివి, దళసరివి రెండూ దొరుకుతాయి. పైకోటు లోపల స్వెట్టరు ఇమిడేటంత వదులు ఉన్నదో లేదో కొనేటప్పుడే తొడిగి చూసుకోవాలి.

ద్విచక్ర వాహనంపై వెళ్లేవారికి కోటు ప్రాణరక్షణకు సంబంధించిన విషయం కూడా. చలికి కొంకర్లుపోయిన వేళ్లు బ్రేకును సకాలంలో నొక్కలేవు. పొడవైన రెయిన్‌కోటు అంచు వేలాడి చక్రంలో చిక్కుకొంటే ప్రమాదం తప్పదు. అందుచేత పొడవాటి కోటుకంటె నడుము దాటిన పైకోటు, దానికి జతగా పంట్లాము ఉన్నది శ్రేయస్కరం. తలముసుగును శిరస్త్రాణం పైనుంచి వేసుకొంటే పక్కచూపు తగ్గుతుంది. నల్లని కోటు మాసినట్లు కనబడదు. కాని పొగమంచులో లారీ నడిపేవానికి మనిషి కూడా కనబడడు. పసుపు, నారింజ వంటి ప్రకాశవంతమైన రంగు, వీపుపై వెలుగును తిప్పికొట్టే రేడియం పట్టీ ఉండడం మంచిది.

కొన్న కోటును కాపాడుకోవడం కూడా ఎంపికలో భాగమే. తడిసిన కోటును మడిచి వాహనపు పెట్టెలో ఉంచితే బూజు పడుతుంది; లోపలి పూత జిగటయై పొరలుగా ఊడిపోతుంది. నీడలో ఆరవేసి, పూర్తిగా ఆరిన తరువాతనే మడవాలి. ఈ శ్రద్ధ ఉంటే నడివెల కోటు కూడా ఏండ్లపాటు ఉపకరిస్తుంది.

ఉన్నత విద్యకై విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుండి అమెరికా, కెనడా దేశాలకు వెళ్లే విద్యార్థులకు ఇవే సూత్రాలు వేరొక రీతిలో వర్తిస్తాయి. షికాగో, టొరంటో నగరాలలో జనవరి ఉష్ణోగ్రతలు సున్నాకు దిగువన ఉంటాయి. అక్కడ బాతు నూగుటీకలు నింపిన కోటు ఎంతో వెచ్చనిది. కాని తడిస్తే ఆ ఈకలు ముద్దకట్టి వెచ్చదనాన్ని కోల్పోతాయి. పాలియెస్టరు నారలు నింపినది కొంత తడిసినా పనిచేస్తుంది. అక్కడ తప్పనిసరియైన ఆ దళసరి కోటు బెజవాడ బీరువాలో స్థలాన్ని ఆక్రమించడానికి మాత్రమే పనికివస్తుంది.

ఎన్నుకొనే అవకాశం అందరికీ సమానంగా లేదు. నగరం మేల్కొనకముందే రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, పాలు, దినపత్రికలు ఇంటింటికి చేర్చేవారు, పూలబుట్టలతో తొలిబస్సు ఎక్కే స్త్రీలు చలిని, వానను అందరికంటె ముందుగా, అందరికంటె ఎక్కువసేపు భరిస్తారు. వారిలో అనేకులకు ప్లాస్టిక్ పట్టాయే కోటు. ఎవరు ఎక్కువసేపు తడుస్తారో వారికి మేలైన రక్షణ ముందుగా అందడం న్యాయం. పనిచేయించుకొనేవారు పనిముట్లతో పాటు వానకోటును కూడా ఇవ్వడం దయ కాదు, బాధ్యత.

వస్త్రం విలువను దానిపైనున్న పేరు నిర్ణయించదు. ఎవరు ధరిస్తారు, ఎంతసేపు ధరిస్తారు, ఏ గాలిలో, ఏ వానలో ధరిస్తారు అనే ప్రశ్నలే నిర్ణయిస్తాయి. నాటి గొంగళికి, నేటి కోటుకు వర్తించే కొలబద్ద ఇదే.

అర్థాలు

ఇనుమడించు = రెట్టింపగు
ఉష్ణవాహకం = వేడిని ప్రసరింపజేసేది
గిడుగు = వానకు అడ్డుగా వాడే ఆకుల గొడుగు
అభేద్యం = చొరబడ వీలుకానిది
స్వేదం = చెమట
ఆర్ద్రత = తేమ
అస్తరు = బట్టకు లోపలివైపు వేసి కుట్టే మరొక బట్ట
శిరస్త్రాణం = తలకు రక్షణగా ధరించేది, హెల్మెట్
శ్రేయస్కరం = మేలు కలిగించేది

అభ్యాసం

1. తడిసిన బట్ట చలిని ఎందుకు పెంచుతుంది? కారణాలు వివరించండి.
2. గొంగళిలోని ప్రత్యేకతలను తెలపండి.
3. సూక్ష్మరంధ్రాల పొర గల కోటు డెల్టా వానాకాలంలో ఆశించినంతగా ఎందుకు పనిచేయదు?
4. ద్విచక్ర వాహనదారులు కోటు ఎన్నికలో పాటింపవలసిన జాగ్రత్తలను రాయండి.
5. వానకోటును ఇవ్వడం దయ కాదు, బాధ్యత అనే అభిప్రాయాన్ని మీ ఊరి అనుభవంతో సమర్థిస్తూ ఒక వ్యాసం రాయండి.