పేర్ల బొంత

మన ఇళ్ళల్లో బొంత ఎలా కుడతాం? అమ్మ పాత చీర, నాన్న పంచె, పిల్లల గౌన్లు కత్తిరించి ముక్క పక్కన ముక్క వేసి కుడతాం. కప్పుకున్నప్పుడు ఇది అమ్మ చీర, ఇది తమ్ముడి చొక్కా అని గుర్తుపడతాం గదా!

అమెరికా దేశంలోనూ బొంతలు కుడతారు. అక్కడి ఒక పెద్ద బొంత సంగతి ఇది. కప్పుకునేది కాదు. పదిమందీ చూడ్డానికి నేలమీద పరిచేది.

1980 తర్వాత ఆ దేశంలో ఎయిడ్స్ జబ్బుతో వేలమంది చనిపోయారు. అప్పట్లో సరైన మందు లేదు. భయం మాత్రం బాగా ఉంది. కొన్నిచోట్ల శవాన్ని ముట్టుకోవడానికే ఎవరూ రాలేదు. పోయినవాళ్ళ పేరు చెప్పుకోవడానికి ఇంట్లోవాళ్ళే సిగ్గుపడ్డారు.

1985 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో పట్నంలో జనం కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగింపు చేశారు. చనిపోయినవాళ్ళ పేర్లు అట్టలమీద రాయమని క్లీవ్ జోన్స్ అనే ఆయన అడిగాడు. రాశారు. నిచ్చెనలెక్కి సర్కారు ఆఫీసు గోడకు అంటించారు. దూరం నుంచి చూస్తే ఆ గోడ బొంతలా కనిపించింది. అలా పుట్టింది ఆలోచన.

1987లో పని మొదలైంది. ఒక కొట్టు తీసుకున్నారు. కుట్టుమిషన్లు, గుడ్డలు జనమే తెచ్చిచ్చారు. పెట్టిన నియమం ముఖ్యంగా ఒక్కటే, కొలత. ముక్క పొడవు 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు. ఎందుకంత? మనిషిని పూడ్చే గుంట అంతే ఉంటుంది. ఆ కొలతలో ఎవరి ఇష్టం వాళ్ళది. కొడుకు చొక్కా కుట్టిన తల్లులున్నారు. ఉత్తరాలు, బొమ్మలు కుట్టినవాళ్ళున్నారు. కుట్టడం రానివాళ్ళు రంగులతో రాశారు. కొలత ఒక్కటే చెప్పి మిగతాది చేసేవాళ్ళకే వదిలెయ్యడం, నాకైతే అదే పెద్ద తెలివి అనిపిస్తుంది.

8 ముక్కలు కలిపి ఒక చదరం కుడతారు. లెక్క వెయ్యండి. పొడవువైపు 2 ముక్కలు, వెడల్పువైపు 4. చదరం ఎటు చూసినా 12 అడుగులు. అంచుకు గట్టిగుడ్డ వేసి రింగులు బిగిస్తారు. చదరాల మధ్య జనం నడవడానికి గుడ్డ దారి వదులుతారు.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో, దేశ రాజధానిలోనే, మొదటిసారి పరిచారు. మొత్తం 1,920 ముక్కలు. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్ళు మడతలు విప్పుతుంటే, ఒక్కొక్క పేరూ పైకి చదివారు. ఆ రెండు మూడు రోజుల్లో దాదాపు 5 లక్షలమంది వచ్చి చూశారు. ఇప్పుడు ముక్కలు దాదాపు 50,000. బరువు 54 టన్నులు.

ముట్టుకుంటే, ఒకే కంచంలో తింటే ఎయిడ్స్ రాదు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకుంటే చాలా ఏళ్ళు ఆరోగ్యంగా బతకొచ్చు.

ఆ బొంతలో ఒక ముక్కమీద పేరు లేదు. తోడబుట్టినవాడి కోసం కుట్టింది అది. పేరు బయటపెట్టడం అమ్మానాన్నలకు ఇష్టం లేదని దానిమీద రాసి ఉంది.