స్టేడియం హోరు చూసి కాలేజీ ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి హైస్కూల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు మ్యాచ్‌కి పిలిస్తే వెళ్లొచ్చాం. ఆ జనాన్ని చూశాక వేరే కాలేజీ మాటే ఎత్తనివ్వడం లేదు. ఏం చేయాలి?
– ఓ తల్లి

జవాబు: ఇందులో వింతేమీ లేదమ్మా. వాళ్ల స్టేడియం కైల్ ఫీల్డ్‌లో లక్షమందికి పైగా పడతారు. విద్యార్థులు మ్యాచ్ అయ్యేదాకా నిలబడే ఉంటారు. అందుకే కోచ్‌లు పెద్ద మ్యాచ్ చూసి మరీ కుర్రాళ్లను పిలుస్తారు. వార్మప్ వేళ మైదానం అంచున నిలబెడతారు. అభిమానులు ఎక్కువున్నచోట విరాళాలు, ఆటగాళ్లకు ప్రకటనల అవకాశాలూ ఎక్కువే. కాబట్టి ఆ ఆకర్షణ ఉత్తిదేం కాదు. అయితే సొంత మైదానంలో మ్యాచ్‌లు ఏడాదికి ఏడెనిమిదే. మిగతా రోజులన్నీ క్లాసులు, జిమ్, ప్రాక్టీసు.

ఇలా చేయండి:
• మ్యాచ్ లేని మామూలు రోజున మరోసారి వెళ్లి ప్రాక్టీసు, హాస్టల్ చూడండి.
• మీవాడు ఆడే స్థానానికి ఇప్పటికే ఎంతమంది ఉన్నారో అడగండి.
• గాయమైతే, కోచ్ మారితే స్కాలర్‌షిప్ ఏమవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి.
• కోచ్‌కి ‘వస్తాను’ అని ఇచ్చిన నోటిమాటకు కట్టుబడాలన్న నిబంధన లేదు. సంతకం చేసేదాకా మిగతా కాలేజీలతోనూ మాట్లాడుతూ ఉండండి.

మార్కులు, అర్హతపై సందేహముంటే స్కూల్ కౌన్సెలర్‌ని కలవండి. డబ్బు ఒప్పందం ఏదైనా చేతికొస్తే, సంతకానికి ముందే లాయర్‌కి చూపించండి.