ముందు మట్టం, తర్వాత గోడ
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: వికారాబాద్ దగ్గర మాకు కొద్దిగా చెలక ఉంది. అక్కడ 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో ఒక రేకుల గది నా చేతులతోనే కట్టుకోవాలని ఉంది. ఇంతవరకు తాపీ పట్టుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, నాంపల్లి

జవాబు: గది కంటే ముందు ఒక మొండిగోడ కట్టండి. మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు చాలు. సిమెంటు వద్దు, మట్టి మాలుతో కట్టండి. ఇటుకలు పాడవకుండా ఊడదీసి మళ్లీ కట్టుకోవచ్చు. రసమట్టం, దారానికి వేలాడే ఇనుప గుండు, మూలమట్టం దగ్గర పెట్టుకుని వరస వరసకూ చూసుకోండి. కింది వరసలో రెండు ఇటుకలు కలిసేచోట పై వరసలో ఇటుక నడుమ రావాలి. మూడోసారి కట్టేటప్పటికి చేతికి లెక్క తెలుస్తుంది.

ముగ్గు పోసేటప్పుడు మూల నుంచి ఒక వైపు 6 అడుగులు, రెండో వైపు 8 అడుగులు గుర్తు పెట్టండి. ఆ గుర్తుల మధ్య సరిగ్గా 10 అడుగులు వస్తే మూల కుదిరినట్టు. మీ గదికి రెండు ఐమూలలూ సమానంగా, దాదాపు 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. నల్లరేగడి నేలైతే పునాది సంగతి ఇంజనీరును అడగండి. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి గోడలను చీలుస్తుంది.

ప్రశ్న: మా పాత ఇంటి డాబా మీద 10 అడుగుల చదరంలో చదువుకునే గది కట్టుకుందామని ఉంది. ఇటుక గోడలు లేపవచ్చా?
- ఒక పాఠకురాలు, ఆబిడ్స్

జవాబు: తొందరపడకండి అమ్మా. 9 అంగుళాల మందం, 10 అడుగుల ఎత్తు ఉన్న ఇటుక గోడ ప్రతి అడుగు పొడవుకూ సుమారు 400 కిలోలు తూగుతుంది. నాలుగు వైపులా 40 అడుగులంటే 16 టన్నుల బరువు. పాత స్లాబు అంత మోయగలదో లేదో కంటితో చూసి చెప్పలేం. ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుతో పరీక్ష చేయించి, మున్సిపల్ అనుమతి తీసుకోండి. ఆయన ఒప్పుకుంటే ఇనుప చట్రం, రేకులతో తేలిక గది వేసుకోవచ్చు.

ప్రశ్న: పని నేర్చుకోవడానికి పుస్తకాలు, శిక్షణ ఏమైనా ఉన్నాయా?
- ఒక విద్యార్థి, నాంపల్లి

జవాబు: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో సివిల్ డిప్లొమా పాఠ్యపుస్తకాల కోసం వెతకండి. తక్కువ ఖర్చు ఇళ్ల మీద లారీ బేకర్ స్వయంగా బొమ్మలు గీసి రాసిన చిన్న పుస్తకాలు కొత్తవాళ్లకు బాగా పనికొస్తాయి. 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ మాదాపూర్ వైపు ఉంది. తాపీ పని, ప్లంబింగ్, వైరింగ్ లాంటి పనుల్లో అక్కడ శిక్షణ ఇస్తారు, వెళ్లి కనుక్కోండి.

వీటితోపాటు మీ వీధిలో కడుతున్న ఇంటి దగ్గర మేస్త్రీని అడిగి నెల రోజులు చేతికింద పని చేయండి. ఇటుకలు తడపండి, మాలు కలపండి, కట్టిన గోడకు కనీసం 7 రోజులు నీళ్లు కొట్టండి. నీళ్లు అందకపోతే సిమెంటు గట్టిపడే పని సగంలో ఆగుతుంది, ఎంత వంకర లేకుండా కట్టినా గోడ గుల్లగానే మిగులుతుంది. ఆ 7 రోజులూ పొద్దున్నే బకెట్ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లే ఓపిక మీకుంటే, మిగతా పని మీ చేతికి తప్పకుండా వస్తుంది.