చూడవలసిన ఊళ్ళు – కాపాడవలసిన గుర్తులు

పాఠ్యభాగ ఉద్దేశం:
చరిత్ర గ్రంథాలలోనే కాక, మనం నిత్యం నడిచే దారులలోనూ ఉంటుంది. మన పరిసరాలలోని చారిత్రక స్థలాలను ఎలా చూడాలో, విన్న కథనూ దొరికిన ఆధారాన్నీ ఎలా వేరుచేసి గ్రహించాలో, ఆ స్థలాలను ఎందుకు కాపాడుకోవాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం:

యాత్ర అనగానే మనకు దూరదేశాలు గుర్తుకు వస్తాయి. ఇంటి ముందున్న చెరువునూ, వీధి చివరనున్న గుట్టనూ యాత్రాస్థలాలుగా భావించము. కాని చరిత్రను తెలుసుకోవాలనే కోరిక గలవారికి మొదటి యాత్ర తమ గడప వద్దనే మొదలవుతుంది. హైదరాబాదు నగరానికి తూర్పుభాగాన ఉన్న కర్మన్‌ఘాట్ నుండి మన యాత్రను ప్రారంభిద్దాం.

కర్మన్‌ఘాట్‌లో ధ్యానాంజనేయస్వామి ఆలయం ఉన్నది. కాకతీయ వంశానికి చెందిన రెండవ ప్రోలరాజు పన్నెండవ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వేటకు వచ్చాడనీ, అలసి చెట్టునీడన విశ్రమించినప్పుడు పొదలలో నుండి రామనామం వినిపించిందనీ, అక్కడ ధ్యానముద్రలో ఉన్న ఆంజనేయ విగ్రహం లభించగా ఆలయం కట్టించాడనీ స్థలపురాణం చెబుతున్నది. ఊరి పేరును గురించి మరొక జనశ్రుతి ఉన్నది. ఔరంగజేబు ఈ ఆలయాన్ని కూల్చడానికి రాగా, “అది నీకు సాధ్యం కావాలంటే ముందు నీ మనసును గట్టి చేసుకో” అనే అర్థంలో ‘కర్ మన్ ఘట్’ అన్న మాట వినిపించిందనీ, ఆ మాటే ‘కర్మన్‌ఘాట్’ అయినదనీ పెద్దలు చెబుతారు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయాన్ని గమనించాలి. ఔరంగజేబు 1687లో గోల్కొండను జయించడం చరిత్ర. ఆలయద్వారం వద్ద ఆ మాట వినిపించడం జనశ్రుతి. మొదటిదానికి సమకాలిక రచనలు సాక్ష్యం. రెండవదానికి ప్రజల నమ్మకమే సాక్ష్యం. జనశ్రుతిని చరిత్రగా భావించడం పొరపాటు. అలాగని దానిని త్రోసిపుచ్చడమూ తగదు. ఒక ఊరి ప్రజలు తమ పేరును ఎలా అర్థం చేసుకున్నారో, దేనిని ప్రాణప్రదంగా ఎంచుకున్నారో జనశ్రుతి మనకు తెలుపుతుంది.

కర్మన్‌ఘాట్ కథలో రాజు వేటకు వచ్చాడు. అనగా ఒకప్పుడు ఇది అడవి అన్న ఊహ ఆ కథలోనే ఇమిడి ఉన్నది. నేడు ఆలయం ఉన్నది, అడవి లేదు. చుట్టూ కాలనీలు, దుకాణాలు, రద్దీ రహదారులు వెలిశాయి. దగ్గరలోనే సరూర్‌నగర్ చెరువు ఉన్నది. 1626లో సాగునీటి కోసం తవ్వించిన ఆ చెరువు క్రింద ఒకప్పుడు పొలాలు పండేవి. ఈనాడు ఆ పొలాలలో ఇండ్లు మొలిచాయి. స్మారకం మిగిలి, దాని చుట్టూ ఉన్న ప్రకృతి మాయమైతే సగం చరిత్ర మాయమైనట్లే. కొలను ఎండిన తరువాత గట్టు మాత్రమే మిగిలితే దానిని చూచి కొలనును ఊహించుకోవలసిందే కదా!

సరూర్‌నగర్ దాటి మలక్‌పేట వైపు సాగితే ఆస్మాన్‌గఢ్ ప్రాంతంలో ఒక గుట్ట కనిపిస్తుంది. దానిపై నల్లరాతితో కట్టిన, ఇరవై అడుగులు మించిన ఒక సూచీస్తంభం నిలిచి ఉన్నది. అది ఒక ఫ్రెంచి సైనికుని సమాధి. ఆయన పేరు మిషెల్ జోకిమ్ మరీ రేమండ్. నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో, ఒక పల్లెలో 1755లో జన్మించాడు. ఇరవై ఏళ్ళ వయసులో వ్యాపారం చేసుకోవడానికి పుదుచ్చేరికి వచ్చి, సైన్యంలో చేరి, 1786లో రెండవ నిజాం అలీఖాన్ కొలువులో ప్రవేశించాడు. కొన్ని వందల మందితో మొదలైన ఆయన దళం పది వేలు మించిన సైన్యంగా ఎదిగింది. ఫతేమైదాన్ సమీపంలో ఫిరంగులు పోతపోసే కర్మాగారాన్ని ఆయన 1795లో నెలకొల్పాడు. ‘గన్ ఫౌండ్రీ’ అని నేడు మనం పిలిచే ప్రాంతానికి ఆ పేరు అలా వచ్చినదే.

రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. అదే సంవత్సరం నిజాం ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి చేసుకున్నాడు. అక్టోబరులో ఆంగ్లేయులు ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. దక్కనులో ఫ్రెంచివారి పలుకుబడి అంతటితో ముగిసింది. అధికారం పోయినా ఆయన పేరు మాత్రం పోలేదు. ఆయనను ముస్లిములు ‘మూసా రహీమ్’ అనీ, హిందువులు ‘మూసా రామ్’ అనీ పిలుచుకున్నారట. ‘మూసారాంబాగ్’ అనే పేరు అలా ఏర్పడిందని ప్రతీతి. చాలాకాలం ఆయన వర్ధంతినాడు ప్రజలు ఆ గుట్టపై చేరి నివాళులర్పించేవారు. ఎక్కడి గాస్కనీ! ఎక్కడి మూసీతీరం! పరదేశి పేరును మన నాలుకకు అనువుగా మలచుకొని, మన బస్తీకి పెట్టుకొని, నేడు మెట్రో స్టేషను ఫలకంపై కూడా చదువుకుంటున్నాము.

ఆ సమాధి ప్రక్కన ఇరవై ఎనిమిది స్తంభాల మండపం ఒకటి ఉండేది. అది 2001లో వర్షాలకు కూలిపోయింది. రెండు శతాబ్దాల గాలివానలను తట్టుకొన్న కట్టడం కూలిన తరువాతనే దాని వైపు అందరి దృష్టీ మళ్ళింది. ఆ తరువాత దానిని పునర్నిర్మించారు. పునర్నిర్మించడం మంచిదే, కాని కూలకముందే కాపాడుకోవడం అంతకన్నా మంచిది. తిరిగి నిలబెట్టిన స్తంభం రూపాన్ని ఇవ్వగలదు కాని, గడచిన కాలాన్ని తిరిగి ఇవ్వలేదు.

రేమండ్ పుట్టిన దేశం ఈ విషయంలో ఏమి చేసినదో తెలుసుకోవడం మనకు ఉపయోగకరం. నైరుతి ఫ్రాన్సులోని మరొక గ్రామం కొలోంజ్ లా రూజ్. ఇండ్లన్నీ ఎర్రరాతివే. పల్లెలు ఖాళీ అవుతున్నవేళ ఆ గ్రామ మేయరు చొరవతో 1982లో ‘ఫ్రాన్సులోని అత్యంత సుందర గ్రామాలు’ అనే సంఘం ఏర్పడింది. పాత కట్టడాలను, పరిసరాలను కాపాడుకొనే చిన్న గ్రామాలకే అందులో సభ్యత్వం లభిస్తుంది. 1984 నుండి ఆ దేశంలో ప్రతి సంవత్సరం సెప్టెంబరులో వారసత్వ దినాలు జరుపుతున్నారు. మామూలు రోజులలో మూసి ఉండే చారిత్రక కట్టడాల తలుపులు కూడా అప్పుడు ప్రజలకు తెరుచుకుంటాయి. తమ ఊరి గోడ విలువ ఆ ఊరివారికి తెలిస్తేనే ఆ గోడ నిలుస్తుందన్నది వారి అనుభవం చెప్పే పాఠం.

అటువంటి గ్రామాలు మనకు లేవా? కర్మన్‌ఘాట్ నుండి ఎల్.బి. నగర్ మీదుగా తూర్పుకు సాగితే భూదాన్ పోచంపల్లి చేరవచ్చు. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబాభావే అక్కడి పేదల కోరికను సభలో వినిపించగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాల భూమిని దానం చేశాడు. భూదానోద్యమం ఆ క్షణాన పుట్టింది. ఇక్కత్ నేతకు ప్రసిద్ధి చెందిన ఆ ఊరిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ చూడవలసినది రాతికట్టడం కాదు. మగ్గం మీద కదులుతున్న చేయి.

అక్కడికి సమీపంలోనే భువనగిరి ఉన్నది. పశ్చిమ చాళుక్య రాజైన ఆరవ విక్రమాదిత్యుడు ‘త్రిభువనమల్ల’ బిరుదాంకితుడు. ఆయన పేరున త్రిభువనగిరి అయిన ఆ ఏకశిలాపర్వతం క్రమంగా భువనగిరిగా మారింది. కోట చూడాలంటే మెట్లు ఎక్కాలి, చెమటోడ్చాలి. అక్కడి శిలలపైనే శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ అనే విద్యార్థిని 2014 మే 25న, పదునాలుగేళ్ళయినా నిండకముందే, ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. వేయి సంవత్సరాలనాడు రాజుకు రక్షణ ఇచ్చిన శిల, ఈనాడు ఒక గిరిజన బాలికకు ప్రపంచశిఖరాన్ని చేరే మెట్టు అయినది.

ఇంకా దూరం పోదలచినవారికి ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప ఆలయం ఉన్నది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ ఆలయాన్ని 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడ ఆలయంతో పాటు చెరువు, పొలాలు, పచ్చని కొండలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కర్మన్‌ఘాట్‌లో మనం కోల్పోయినదేమో పాలంపేటకు వెళ్ళినప్పుడు తెలుస్తుంది.

చారిత్రక స్థలానికి వెళ్ళేటప్పుడు కొన్ని నియమాలు పాటించాలి. గోడలపై పేర్లు చెక్కరాదు. శాసనాలపై సున్నము, రంగులు పూయరాదు. శిల్పాలపై ఎక్కరాదు. తెచ్చుకొన్న సీసాలు, సంచులు తిరిగి తీసుకొనిపోవాలి. ఊరివారిని గౌరవంగా పలకరించి, వారు చెప్పే కథలను వ్రాసుకోవాలి. మన మిశ్రమ సంస్కృతి అందించిన ఘనమైన వారసత్వాన్ని గౌరవించి కాపాడటం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. జాతీయ ప్రాముఖ్యం గల స్మారకాలకు హాని చేసేవారికి చట్టం జైలుశిక్షను కూడా నిర్దేశించింది. కాని శిక్షాభయంతో నిలిచే గోడకన్నా, అభిమానంతో నిలిచే గోడ ఎక్కువకాలం నిలుస్తుంది.

పాలంపేట పొలాలు, భువనగిరి శిల, పోచంపల్లి మగ్గం రేపటి తరానికి మిగులుతాయా, లేక కర్మన్‌ఘాట్ అడవివలె కథలో మాటగా మాత్రమే మిగులుతాయా అన్నది నేటి విద్యార్థుల చేతులలో ఉన్నది. వచ్చే సెలవుదినాన మీ ఊరి చెరువుగట్టు మీదికి వెళ్ళండి. దానిని ఎవరు కట్టించారో అడగండి. మీ యాత్ర అక్కడ మొదలవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు:
జనశ్రుతి = ప్రజలు చెప్పుకొనే మాట
స్థలపురాణం = ఒక క్షేత్రాన్ని గురించిన పూర్వకథ
సూచీస్తంభం = పైకి పోయినకొద్దీ సన్నబడే స్తంభం
నిరాయుధం = ఆయుధాలు లేనిది
ప్రతీతి = ప్రసిద్ధి, వాడుకలో ఉన్న నమ్మకం
అధిరోహించు = ఎక్కు

ప్రశ్నలు:

అ) క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. రేమండ్ జీవిత విశేషాలను, ఆయనకు ప్రజల మనసులలో లభించిన స్థానాన్ని వివరించండి.
2. స్మారకాన్నీ దాని పరిసరాలనూ కలిపి ఎందుకు కాపాడాలో పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. చరిత్రకు, జనశ్రుతికి గల భేదమేమి?
2. కొలోంజ్ లా రూజ్ గ్రామం నుండి మనం నేర్చుకోవలసినదేమి?
3. భూదాన్ పోచంపల్లి ప్రత్యేకతలు తెలపండి.

ఇ) ప్రాజెక్టు పని:
మీ ఊరి పేరు ఎలా వచ్చినదో ముగ్గురు పెద్దలను అడిగి వ్రాయండి. వారు చెప్పినదానిలో ఆధారం గలదేదో, జనశ్రుతి ఏదో వేరుచేసి చూపండి.