దూరయంత్రపు కాలువలో తెలుగు అక్షరము

మన బాలబాలికలు కంప్యూటరు విద్య నభ్యసించుట చూచి సంతసించు తల్లిదండ్రులలో కొందరు, ఆ విద్యకును తెలుగు చదువునకును సంబంధమేమని అడుగుచుందురు. ఆ సంబంధము నొక చిన్న పాఠముగా ఇచట వివరింప దలచితిమి.

ఒక యంత్రము ముందు కూర్చుండి, దూరముననున్న మఱియొక యంత్రమును నడపు పద్ధతిని రిమోట్ డెస్క్‌టాప్ అందురు. దూరమున నుండి పనిచేయునది సర్వరు. మన యెదుట నుండి ఆ పనిని చూపునది క్లయింటు. మనము నొక్కిన మీటల సమాచారము అటు పోవును. తెరపై కానవలసిన బొమ్మ ఇటు వచ్చును. మైక్రోసాఫ్టు సంస్థ 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వరును వెలువరించెను. విండోస్ 2000 నాటికి, తెరయు మీటలునే గాక ఇతర సమాచారమును గూడ పంపుటకు ‘వర్చువల్ ఛానెల్’ అను ఏర్పాటు కలిగినది.

ఛానెల్ అనగా కాలువ. కాలువ ప్రయోజనమును తామరైపాక్కము వారికి వేఱుగా చెప్ప నక్కరలేదు. 1944లో నిర్మితమైన పూండి జలాశయమునుండి కొసస్థలై యేటిలో విడిచిన నీటిని మన ఆనకట్ట యొద్ద మళ్ళించి, చోళవరము, పుళల్ చెరువులకు చేర్చు ఏర్పాటు కలదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో విశేష మేమనగా, ఒకే అనుసంధానములో పెక్కు కాలువలు వేఱువేఱు పేర్లతో నడచును. ఒకటి ధ్వనిని, ఒకటి అచ్చుయంత్రమునకు పోవు కాగితమును, ఇంకొకటి నకలు తీసిన వ్రాతను మోయును. ఒక దానిని మూసినను తక్కినవి నడచుచునే యుండును.

ప్రోగ్రాము వ్రాయువారు తమకు కావలసిన క్రొత్త కాలువను గూడ త్రవ్వుకొనవచ్చును. క్లయింటు వైపున నొక చిన్న అనుబంధ ప్రోగ్రాము, అనుసంధానము కలుగుటకు ముందే కాలువ పేరును నమోదు చేయవలెను. ఆ పేరు ఏడు ఆంగ్లాక్షరములకు మించరాదు. సర్వరు వైపు ప్రోగ్రాము అదే పేరుతో కాలువను తెఱచి, సమాచారమును వ్రాసి, పని ముగిసిన పిదప మూయవలెను.

ఇంతవరకు సులభమే. చిక్కు ఇక ముందున్నది. దీర్ఘమైన సందేశము కాలువలో ఒక్కమారుగా రాదు. సాధారణముగా 1600 బైట్లకు మించని తునకలుగా వచ్చును. బైటు అనగా యంత్రము లెక్కించు కొలతలలో నొకటి. ఆంగ్లాక్షర మొక్కొక్కటి ఒక బైటులో ఇముడును. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేత మొక్కొక్కటి మూడు బైట్లను ఆక్రమించును. ‘అమ్మ’ అను మాటను యంత్రము అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతములుగా దాచును గావున దానికి 12 బైట్లు కావలెను.

ఇపుడు లెక్క వేయుదము. ఖాళీలు లేక వరుసగా 600 తెలుగు సంకేతములు పంపినచో 1800 బైట్లగును. మొదటి తునక 1600, రెండవది 200. మొదటి తునకలో 533 సంకేతములకు 1599 బైట్లు పోగా ఒక్కటి మిగులును. 534వ సంకేతములో ఒక బైటు ముందు తునకలోను, రెండు బైట్లు వెనుక తునకలోను పడును. ప్రోగ్రాము ఏ తునకను ఆ తునకగానే చదివెనేని ఆ సంకేతము భగ్నమై, దాని స్థానమున ప్రశ్నార్థకము గల నల్లని గుర్తు కానవచ్చును. ఆంగ్లము మాత్రమే పంపి పరీక్షించినవారికి ఈ దోషము ఎన్నటికిని కనబడదు. తమిళ సంకేతములును మూడేసి బైట్లవే యగుటచే, మన పొరుగు పిల్లల వ్రాతకును ఇదే గతి.

నివారణ కష్టము కాదు. ప్రతి తునకతోడను సందేశపు మొత్తము పొడవు వచ్చును; మొదటి తునకకు ‘ఆది’ గుర్తును, చివరి దానికి ‘అంత్య’ గుర్తును ఉండును. అంత్య గుర్తు వచ్చువరకు తునకలను వరుసగా జోడించి, మొత్తము పొడవు సరిచూచి, అటుపిమ్మటనే అక్షరములుగా చదువవలెను. కాలువ బైట్లను మోయును గాని భాష నెఱుగదు. భాషను కాపాడుట ప్రోగ్రాము వ్రాయువాని పని.

మాతృభాష నెఱిగిన విద్యార్థికి ఈ దోషము కంటబడిన తోడనే తెలియును. ఎఱుగనివానికి అది తప్పని తోచకయే పోవచ్చును. కావున మీ పిల్లలు ఏ ప్రోగ్రాము వ్రాసినను, ఒత్తులతో నిండిన నిడుపాటి తెలుగు వ్యాసము నొకదానిని దానిద్వారా పంపి చూపుమని అడుగుడు. తమిళ వ్యాసముతోను అట్లే చేయింపుడు. ఆవలి యొడ్డున ఒక్క ఒత్తైనను తప్పిపోకున్నచో ఆ పని సరియైన దని మీరే నిర్ణయింపవచ్చును.