బేతాళుని ప్రశ్న

1985లో దూరదర్శన్ ప్రసారం చేసిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ ధారావాహికను రామానంద్ సాగర్ రూపొందించారు. దానికి ఆధారమైన బేతాళ కథలు, కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన ‘కథాసరిత్సాగరం’లో ఉన్నాయి. అవి అనేక భారతీయ భాషలకు చేరాయి. తెలుగు బాలలకు అవి ‘చందమామ’ పుటలలో చిరపరిచితాలు.

ఇట్టి ధారావాహికలు పసిమనస్సులలో మూఢవిశ్వాసాన్ని నాటుతాయని కొందరి వాదం. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని కర్తవ్యమని, 1976లో రాజ్యాంగంలో చేరిన 51-ఏ అధికరణం చెబుతున్నది. కనుక ఈ ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు.

అయితే భయమంతా ఒకే తీరుది కాదు. 1993లో రామ్సే సోదరులు ప్రారంభించిన ‘జీ హారర్ షో’లో ప్రేక్షకుని భయపెట్టడమే ప్రధానం. బేతాళ కథలో భయం ద్వారం మాత్రమే. శవాన్ని మోస్తున్న రాజును బేతాళుడు ఒక ధర్మసందేహం అడుగుతాడు. సమాధానం తెలిసి చెప్పకుంటే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. శ్రమ వ్యర్థమవుతుందని ఎరిగియు రాజు సత్యమే పలుకుతాడు. అంతకుముందే ప్రేక్షకుడు తన తీర్పును తాను ఆలోచించుకుంటాడు.

ధారావాహిక ముగిశాక మనస్సులో మిగిలేది వణుకా, ప్రశ్నా? దాని మంచిచెడ్డలకు అదే గీటురాయి.